మేనేజర్లకు వ్యాపార చట్టం: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ, నరసన్నపేట వైపు రైస్ మిల్లు, బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో చిన్న యూనిట్, పైడిభీమవరం కంపెనీలకు సరుకు అందించే ఏజెన్సీ. ఎక్కడ చూసినా బోర్డు మీద పేరు యజమానిది, రోజువారీ నిర్ణయాల బరువు మేనేజర్‌ది. అలాంటి మేనేజర్లు నన్ను మళ్ళీ మళ్ళీ అడిగిన ప్రశ్నలను, వారికి నేను చెప్పిన జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను. సెక్షన్ల కంటే తేదీల గురించి, కాగితాల గురించి ఎక్కువగా రాశానని చదివేవారికి అనిపించవచ్చు. ఏ రోజు ఏమి రాసుకున్నారో, ఎవరు ఎవరికి ఏమి పంపారో చూపించలేక న్యాయమైన బాకీలు పోగొట్టుకున్నవారిని నేను చాలామందిని చూశాను.

నేను జీతం తీసుకునే మేనేజర్‌ను మాత్రమే. నా మాటకు, నా సంతకానికి సంస్థ కట్టుబడాలా?

చాలా సందర్భాల్లో కట్టుబడాలి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం దృష్టిలో మీరు యజమానికి ఏజెంటు. యజమాని మీకు లోపల ఏ హద్దు పెట్టారన్నది మీ ఇద్దరి మధ్య సంగతి. ఎదుటి వ్యాపారికి తెలిసేది మీ నడవడి, ఇంతకాలం యజమాని దాన్ని ఒప్పుకుంటూ వచ్చిన తీరు మాత్రమే. మీకు ఆ అధికారం ఉందని బయటివారు నమ్మేటట్లు యజమాని తన మాటతోనో చేతతోనో ప్రవర్తించి ఉంటే, మీరు హద్దు దాటినా ఆ లావాదేవీకి ఆయనే బాధ్యుడని సెక్షన్ 237 చెబుతుంది.

మూడు సీజన్లుగా ఉద్దానం వ్యాపారుల దగ్గర జీడిపిక్కలు కొంటున్నది మీరే అనుకుందాం. ఈ ఏడాది 10 లక్షలు దాటి కొనవద్దని యజమాని మీతో అన్నారు గాని ఆ వ్యాపారులతో అనలేదు. మీరు 14 లక్షల సరుకు దింపించుకున్నారు. ఆ 14 లక్షలూ సంస్థ చెల్లించవలసిందే. ఆ తరువాత, తన ఆజ్ఞ మీరినందువల్ల కలిగిన నష్టాన్ని యజమాని మీ దగ్గర రాబట్టుకోవచ్చు. సెక్షన్ 211 అందుకే ఉంది. అంటే బయటివారి ముందు మీ మాట సంస్థ మాట అవుతుంది, లోపల మాత్రం లెక్క మీ మీదికి వస్తుంది.

కాబట్టి ఎంత మొత్తం వరకు, ఏ పనులకు మీకు అధికారం ఉందో యజమాని దగ్గర ఒక ఉత్తరం రాయించుకోండి. ఏ కాగితం మీద సంతకం పెట్టినా సంస్థ పేరు రాసి, 'తరఫున' అనే మాట చేర్చి, మీ హోదా ముద్ర వేయండి. ఎవరి తరఫున బేరం చేస్తున్నారో చెప్పకుండా ఉత్త సంతకం పెడితే, ఆ బాధ్యత మీ సొంతానికే చుట్టుకునే ప్రమాదం సెక్షన్ 230లో ఉంది. ఉద్యోగం మానేసేటప్పుడు మరొక జాగ్రత్త అవసరం. మీ అధికారం ముగిసిందన్న సంగతి బయటివారికి తెలిసేవరకు వారి విషయంలో అది ముగిసినట్టు కాదు. అందువల్ల పాత ఖాతాదారులందరికీ సంస్థ చేత ఒక సందేశం పంపించడం మీకూ, యజమానికీ మంచిది.

ఫోన్‌లో కుదిరిన బేరం, వాట్సాప్‌లో 'సరే' అన్న మాట ఒప్పందమవుతాయా?

అవుతాయి. ప్రతిపాదన, దానికి అంగీకారం, ప్రతిఫలం, ఇద్దరికీ ఒప్పందం చేసుకునే అర్హత, చట్టబద్ధమైన ఉద్దేశం ఉంటే నోటి మాట కూడా కాంట్రాక్టే. చట్టం రాతపూర్వకంగా ఉండాలని ప్రత్యేకంగా కోరిన కొన్ని లావాదేవీలకు మాత్రమే కాగితం తప్పనిసరి. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక చట్టం సెక్షన్ 10ఎ స్పష్టం చేస్తుంది.

వాట్సాప్‌లో పంపే పైకెత్తిన బొటనవేలు బొమ్మ (👍) సంగతేమిటని అడిగేవారికి ఒక విదేశీ ముచ్చట చెబుతుంటాను. కెనడాలోని సస్కాచ్వాన్ రాష్ట్రంలో ఒక రైతుకు అవిసె గింజల కొనుగోలు ఒప్పందాన్ని ఫొటో తీసి పంపి, ఖరారు చేయమని కోరితే, ఆయన బొటనవేలు బొమ్మ పంపి ఊరుకున్నారు. ఆ తరువాత సరుకు ఇవ్వలేదు. ఆ బొమ్మ అంగీకారమేనని అక్కడి కోర్టు 2023లో తీర్పు చెప్పి నష్టపరిహారం కట్టించింది. మన కోర్టులు ఆ తీర్పుకు కట్టుబడనక్కరలేదు గాని, సందేశం చదివినట్టు తెలియజేయడానికి ఆ బొమ్మను వాడే అలవాటున్న మేనేజర్లు ఒకసారి ఆలోచించుకోవాలి. చూశానన్న ఉద్దేశమే ఉంటే 'చూశాను, యజమానితో మాట్లాడి చెబుతాను' అని అక్షరాల్లోనే రాయండి.

రుజువు విషయానికి వస్తే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం, ఎలక్ట్రానిక్ రికార్డు ప్రతిని కోర్టు ముందు పెట్టేటప్పుడు నిర్ణీత రూపంలో ధ్రువపత్రం జతచేయాలి. ఫోన్ మార్చినా పాత సంభాషణలు పోకుండా చూసుకోండి. ఫోన్‌లో బేరం కుదిరిన రోజు సాయంత్రానికల్లా రకం, బస్తాల సంఖ్య, ధర, దింపే తేదీ, డబ్బు ఇచ్చే గడువు ఒక సందేశంలో రాసి అవతలివారికి పంపండి. ఆ ఐదు వివరాలు రాసిన సందేశం, వంద ఫోన్ కాల్స్ కంటే కోర్టులో ఎక్కువ పనికివస్తుంది.

పండగకు కావలసిన సరుకు ఆలస్యంగా వస్తే తిరస్కరించవచ్చా? ఒప్పందంలో రాసిన జరిమానా మొత్తం వసూలు చేయవచ్చా?

విజయనగరంలో సిరిమానోత్సవానికి మిఠాయి డబ్బాలో, చీరలో ఆర్డర్ ఇచ్చి, అవి జాతర అయిన వారానికి చేరితే కొన్నవారికి వాటితో పనేముంటుంది? గడువే ప్రాణమైన ఇలాంటి ఒప్పందంలో, చెప్పిన తేదీ దాటితే కొనుగోలుదారు దాన్ని రద్దు చేసుకోవచ్చునని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 55 చెబుతుంది. ఆలస్యంగా వచ్చిన సరుకును తీసుకోదలిస్తే మాత్రం, ఆలస్యానికి పరిహారం కోరుతున్నామని అదే సమయంలో తెలియజేయాలి. నోరు మెదపకుండా దింపుకొని, నెల తరువాత బిల్లులో కోత పెడితే అది నిలవదు.

జరిమానా అంకె గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. ఆలస్యానికి రోజుకు 10,000 రూపాయలని రాసుకున్నంత మాత్రాన అదంతా దక్కదు. సెక్షన్ 74 ప్రకారం ఆ అంకె గరిష్ఠ పరిమితి; దానికి లోబడి సమంజసమైన పరిహారాన్నే కోర్టు ఇప్పిస్తుంది. నష్టాన్ని తగ్గించుకునే ప్రయత్నం మీరు చేశారా లేదా అన్నది కూడా చూస్తారు.

తుపాను వల్ల సరుకు ఇవ్వలేకపోతే ఒప్పందం రద్దయినట్టేనా?

ఉత్తరాంధ్రలో ఈ ప్రశ్న ఊహకు సంబంధించినది కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస సమీపంలో తీరం దాటి ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. అటువంటి రోజున సరుకు ఇస్తానని రాసి ఇచ్చినవారి పరిస్థితి ఏమిటన్నది ఒప్పందంలోని మాటలను బట్టి ఉంటుంది.

ఫలానా తోటలో పండే పంట అని ప్రత్యేకంగా చెప్పి అమ్మి ఉంటే, ఆ తోటే పోయినప్పుడు ఒప్పందం నెరవేర్చడం అసాధ్యమైందని సెక్షన్ 56 కింద వాదించడానికి గట్టి ఆధారం ఉంటుంది. అలా కాక, 5 టన్నుల ఫలానా రకం జీడిపప్పు అని మాత్రమే రాసి ఉంటే, మీ గోదాము కప్పు ఎగిరిపోయినా బయట మార్కెట్‌లో కొని ఇవ్వవలసిన బాధ్యత మీదే. ధర పెరిగింది, ఖర్చు ఎక్కువైంది, నష్టం వస్తుంది అన్నవి అసాధ్యత కిందికి రావు. 2017లో విద్యుత్ కంపెనీలు విదేశీ బొగ్గు ధర పెరిగిందని చేసిన వాదనను సుప్రీంకోర్టు ఈ కారణంతోనే అంగీకరించలేదు.

ఒప్పందంలోనే దైవిక విపత్తులకు ఒక నిబంధన ఉంటే ముందు దాన్నే చూస్తారు. చాలా ఒప్పందాల్లో ఈ నిబంధనను ఎక్కడినుంచో నకలు చేసి పెడతారు. యుద్ధం, తిరుగుబాటు అని ఉంటుంది గాని తుపాను, వంశధార లేదా నాగావళి వరద, రోజుల తరబడి కరెంటు లేకపోవడం అన్న మాటలే ఉండవు. మన ఊరి ఒప్పందంలో మన ఊరికి వచ్చే ఆపదలు రాయాలి. విపత్తు వచ్చిన ఎన్ని రోజుల్లో అవతలివారికి తెలియజేయాలి, గడువు ఎంత పెరుగుతుంది, ఎన్నాళ్ళు దాటితే ఎవరైనా రద్దు చేసుకోవచ్చు, అడ్వాన్సు ఏమవుతుంది అన్నవి కూడా రాయాలి. అడ్వాన్సు గురించి రాయకపోయినా, ఒప్పందం చెల్లకుండా పోయినప్పుడు పుచ్చుకున్న లాభాన్ని తిరిగి ఇవ్వాలని సెక్షన్ 65 అంటుంది. తుపాను తగ్గిన మరుసటి రోజే ఫొటోలు, తహశీల్దారు కార్యాలయానికి ఇచ్చిన అర్జీ నకలు, బీమా కంపెనీకి పంపిన సమాచారం ఒక ఫైలులో పెట్టుకోండి. ఆరు నెలల తరువాత చెట్లు పడ్డాయని చెబితే నమ్మేవారు తక్కువ.

ఇచ్చిన చెక్కు బౌన్స్ అయింది. ఏ తేదీలు చూసుకోవాలి?

నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138లో బలమంతా తేదీల్లోనే ఉంది. చెక్కును దాని మీది తేదీ నుంచి 3 నెలల్లోపు బ్యాంకులో వేయాలి. డబ్బు లేదని బ్యాంకు మెమో మీకు అందిన తరువాత 30 రోజుల్లోపు, చెక్కు మొత్తాన్ని కోరుతూ రాతపూర్వక నోటీసు పంపాలి. నోటీసు అందిన 15 రోజుల్లో అవతలివారు చెల్లించకపోతే, ఆ గడువు ముగిసిన తరువాత నెలలోపు మేజిస్ట్రేట్ కోర్టులో ఫిర్యాదు వేయాలి.

ఒక లెక్క వేసి చూద్దాం. మార్చి 10న మెమో మీ చేతికి వచ్చింది. నోటీసుకు ఏప్రిల్ 9 వరకు సమయం ఉంది. మీరు మార్చి 25న పంపగా 28న అందింది. ఏప్రిల్ 12 వరకు ఆయనకు గడువు. 13న ఫిర్యాదు చేసే హక్కు పుడుతుంది, మే 13 దాటకుండా దాఖలు చేయాలి. వచ్చే సోమవారం ఇచ్చేస్తానన్న ప్రతి మాటా మీ క్యాలెండర్‌లోంచి ఒక వారాన్ని తినేస్తుందని గుర్తుంచుకోండి. ఫిర్యాదు ఆలస్యమైతే తగిన కారణం చూపి కోర్టును క్షమాపణ కోరే వీలుంది గాని, నోటీసు 30 రోజులు దాటితే ఆ వెసులుబాటు లేదు. మీ సంస్థ ఖాతా ఏ బ్రాంచిలో ఉందో ఆ ప్రాంతపు కోర్టులోనే కేసు వేయవచ్చు. 2015 సవరణకు ముందులా చెక్కు ఇచ్చినవారి ఊరికి పరుగెత్తనక్కరలేదు. నేరం రుజువైతే రెండేళ్ళ వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెండింతల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

సంతకం పెట్టిన ఖాళీ చెక్కు హామీగా ఇచ్చామని, అది కేసుకు రాదని కొందరు ధైర్యంగా ఉంటారు. సంతకం మీదేనని ఒప్పుకున్నాక, మిగతా వివరాలు వేరొకరు నింపినా బాకీ ఉందన్న ఊహ మీకు వ్యతిరేకంగానే మొదలవుతుంది. లేదని చూపించే భారం మీది.

సంస్థ చెక్కు మీద సంతకం నాది. కేసు నా మీద కూడా వస్తుందా?

కంపెనీకి గాని భాగస్వామ్య సంస్థకు గాని చెందిన చెక్కయితే వస్తుంది. అదే చట్టం సెక్షన్ 141 ప్రకారం సంస్థతోపాటు, ఆ సమయంలో వ్యాపార నిర్వహణకు బాధ్యులైనవారు కూడా నిందితులవుతారు. చెక్కు మీద సంతకం చేసినవారు అందులోంచి తప్పించుకోవడం కష్టం. ఉద్యోగం మానేసిన రోజే బ్యాంకులో మీ సంతకం అధికారాన్ని తీయించి, ఆ ఉత్తరం నకలు మీద బ్యాంకు ముద్ర వేయించుకోండి. ముందుగా సంతకం చేసి పెట్టిన చెక్కుపుస్తకాన్ని వదిలి వెళ్ళకండి.

సంస్థ రుణానికి హామీదారుగా సంతకం పెట్టమని యజమాని అడుగుతున్నారు. పెట్టాలా?

నన్నడిగితే పెట్టవద్దనే చెబుతాను. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 128 ప్రకారం హామీదారు బాధ్యత అసలు రుణగ్రహీత బాధ్యతతో సమానం. బ్యాంకు ముందు యజమానిని అడిగి, ఆయన ఇవ్వకపోతేనే మీ దగ్గరకు రావాలన్న నియమం లేదు. నేరుగా మీ ఇంటికే రావచ్చు. ఇప్పటికే పెట్టి ఉంటే, అది కొనసాగే హామీ అయినప్పుడు ఇకముందు జరిగే లావాదేవీలకు వర్తించకుండా నోటీసు ఇచ్చి ఉపసంహరించుకోవచ్చు. ఇప్పటివరకు పేరుకున్నది మాత్రం మీ మెడకు ఉంటుంది.

పాత బాకీలు ఎన్నేళ్ళ వరకు వసూలు చేయవచ్చు?

1963 లిమిటేషన్ చట్టం ప్రకారం సాధారణంగా 3 సంవత్సరాలు. ఆ గడువు ముగియకముందే బాకీదారు తన బాకీని ఒప్పుకుంటూ సంతకంతో రాసి ఇస్తే, ఆ రోజు నుంచి మళ్ళీ 3 సంవత్సరాలు మొదలవుతాయి. గడువులోపు రాతపూర్వక ఆధారంతో కొంత చెల్లించినా అంతే. అందుకే ప్రతి మార్చి 31కీ నిల్వ బాకీ ధ్రువీకరణ ఉత్తరం మీద సంతకాలు తీసుకోవడం ఆడిటర్ చాదస్తం అనుకోకండి. గడువు పూర్తిగా దాటిన తరువాత రాసిన ఉత్తరం ఈ పని చేయదు. అప్పుడు చెల్లిస్తానన్న స్పష్టమైన కొత్త వాగ్దానం కావాలి.

మేము చిన్న తయారీదారులం. పెద్ద కంపెనీ నాలుగు నెలలైనా బిల్లు ఇవ్వడం లేదు. దారి ఉందా?

ఉంది, మన జిల్లాల్లో తగినంతగా వాడుకోవడం లేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకు గాని సేవ గాని తీసుకున్నవారు, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే అందులో రాసిన గడువులో చెల్లించాలి. 90 రోజులని రాసుకున్నా చట్టం ఒప్పుకునేది 45 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడింతలు, నెలవారీ చక్రవడ్డీతో కట్టాలి. సరుకులో లోపముందని కొనుగోలుదారు అనదలిస్తే 15 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి, లేకపోతే అంగీకరించినట్టే. వివాదాన్ని, ఇలాంటి బాకీ తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లో పంపవచ్చు. కౌన్సిల్ తీర్పును సవాలు చేయాలంటే కొనుగోలుదారు అందులో 75 శాతం ముందే జమ చేయాలి. పెద్ద కంపెనీల లాయర్లు ఈ మాట దగ్గరే ఆగి ఆలోచిస్తారు.

రెండు మెలికలు ఉన్నాయి. చిన్న సంస్థలకు ప్రభుత్వం చేసే ఉద్యం నమోదును బేరం మొదలుకాకముందే చేయించుకోండి. తరువాత చేయించుకుంటే పాత బిల్లుల మీద అనవసరమైన తగాదా వస్తుంది. జీడిపిక్కలు కాల్చి, ఒలిచి పప్పు చేసే ఫ్యాక్టరీకి ఈ రక్షణ ఉంది గాని, కొని అమ్మే వ్యాపారికి ఉద్యం నమోదు ఉన్నా ఈ ఆలస్య చెల్లింపు నిబంధనలు వర్తించవు. ఇంకొక సంగతి, మీరే కొనుగోలుదారు అయినప్పుడు ఈ చట్టం మీ మీద కూడా అంతే గట్టిగా పనిచేస్తుంది. గడువు దాటి చెల్లించిన బిల్లు ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో అసలు చెల్లించిన సంవత్సరంలోనే తీసివేయనిస్తారు.

ఇచ్ఛాపురంలో ఉన్నాం. టర్నోవర్ తక్కువే. ఒడిశాలోని బరంపురానికి సరుకు పంపితే జీఎస్టీ నమోదు కావాలా?

సరుకుకు సంబంధించి మన రాష్ట్రంలో మామూలు పరిమితి 40 లక్షలు. కాని రాష్ట్రం దాటి సరుకు అమ్మేవారికి ఆ పరిమితి వర్తించదు, మొదటి రూపాయి నుంచే నమోదు తప్పనిసరి. కొద్ది కిలోమీటర్లే కదా అన్నది చట్టానికి పట్టదు; పర్లాకిమిడికి పంపినా అంతే. 50,000 రూపాయలు దాటిన సరుకుకు ఈ-వే బిల్లు కూడా బండి వెంట ఉండాలి.

'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని బిల్లు మీద అచ్చువేయించాం. సరిపోతుందా?

సరిపోదు, పైగా ప్రమాదం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, ఏమీ రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార విధానం. కొన్నవారు తాము నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. పలాస నుంచి ఆన్‌లైన్‌లో పంపిన పప్పులో పురుగు కనిపిస్తే, హైదరాబాద్ జిల్లా కమిషన్ ముందు నిలబడవలసింది మీరే. ప్యాకెట్ మీద నికర బరువు, గరిష్ఠ చిల్లర ధర, తయారీదారు పేరు, చిరునామా, తయారైన లేదా ప్యాక్ చేసిన నెల, సంవత్సరం, ఫిర్యాదులకు ఫోన్ నంబరు, ఆహార భద్రత లైసెన్సు నంబరు ఉండాలి. పాత స్టిక్కర్ మీద కొత్త ధర అంటించడం తనిఖీల్లో ఇట్టే దొరికిపోతుంది.

కూలీలను కాంట్రాక్టర్ తెస్తాడు. వారి జీతం, పీఎఫ్ బాధ్యత మాకెందుకు?

మీ గేటు లోపల పనిచేస్తున్నారు కాబట్టి. కాంట్రాక్టర్ వేతనం ఇవ్వకపోతే ప్రధాన యజమాని ఇచ్చి, తరువాత కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకోవాలన్నది పాత చట్టంలోనూ ఉంది, కొత్తదానిలోనూ ఉంది. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు కార్మిక స్మృతులు (లేబర్ కోడ్‌లు) అమల్లోకి వచ్చాయి. నెల జీతం మరుసటి నెల 7వ తేదీ లోపు ఇవ్వాలి, ఉద్యోగం మానినవారి లెక్క రెండు పనిదినాల్లో తేల్చాలి, నియామక పత్రం ఇవ్వాలి. మినహాయించే భత్యాలన్నీ కలిపి మొత్తంలో సగం దాటితే, ఆ అదనపు భాగాన్ని వేతనంలో కలిపి లెక్కించాలి. మూల వేతనం తక్కువ చూపి మిగతాదంతా భత్యాల కింద రాసే పాత అలవాటుకు దీంతో కాలం చెల్లింది.

కిలో లెక్కన పప్పు ఒలిచే మహిళలకు కనీస వేతనం వర్తించదని చాలాచోట్ల నమ్మకం; వర్తిస్తుంది. 20 మంది ఉంటే పీఎఫ్, 10 మంది ఉంటే, నెలకు 21,000 రూపాయల వరకు వేతనం పొందేవారికి ఈఎస్ఐ గురించి చూసుకోవాలి. ఉద్యోగి జీతంలోంచి పీఎఫ్ వాటా కోసి జమ చేయకపోవడం అప్పు ఎగవేత లాంటిది కాదు, నమ్మకద్రోహ నేరం. డబ్బు సర్దుబాటు కాని నెలలో యజమాని ముందుగా ఆపమనేది ఈ చెల్లింపునే. మీరు మాత్రం అన్నిటికంటే చివరగా ఆపవలసినది ఇదే.

ఉద్యోగి మానేసి పోటీ సంస్థలో చేరకుండా ఆపగలమా?

ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆపవచ్చు. మానేసిన తరువాత రెండేళ్ళ వరకు అదే వ్యాపారంలో చేరకూడదన్న షరతు కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ముందు నిలవదు. మీ ఖాతాదారుల జాబితా, ధరల వివరాలు పట్టుకుపోతే గోప్యత ఒప్పందం కింద చర్య తీసుకోవచ్చు. నిర్ణీత కాలం పనిచేయకపోతే కొంత మొత్తం కట్టాలన్న షరతు వేరు. ఒక ప్రభుత్వరంగ బ్యాంకు ఉద్యోగి కేసులో అలాంటి షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది.

మా దగ్గర అంతా తెలిసినవాళ్ళే. లైంగిక వేధింపుల కమిటీ నిజంగా అవసరమా?

10 మంది, అంతకుమించి పనిచేస్తున్న ప్రతి చోటా 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి. సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షురాలు, సగానికి తగ్గకుండా మహిళలు, బయటినుంచి ఒక సభ్యురాలు లేదా సభ్యుడు. ఫిర్యాదుకు 3 నెలల గడువు, విచారణకు 90 రోజులు. కమిటీ వేయకపోతే 50,000 రూపాయల వరకు జరిమానా. జీడి ఫ్యాక్టరీల్లో పనివారిలో ఎక్కువమంది మహిళలు, సూపర్‌వైజర్లు పురుషులు. తెలిసినవాళ్ళే అన్న మాట యజమానికి ధైర్యాన్నిస్తుందేమో గాని, ఫిర్యాదు చేయవలసిన అమ్మాయికి అదే పెద్ద అడ్డంకి.

షెడ్డు లీజు 11 నెలలకే రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కరలేదు కదా?

ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన ఈ నమ్మకం ఇక్కడ పనిచేయదు. ఆంధ్రప్రదేశ్‌లో 1999లో చేసిన సవరణ తరువాత స్థిరాస్తి లీజు పత్రానికి కాలంతో నిమిత్తం లేకుండా రిజిస్ట్రేషన్ కావాలి. రాతలో ఇంకేమీ లేకపోతే తయారీ కోసం తీసుకున్న షెడ్డును ఏటేటి లీజుగా లెక్కించి 6 నెలల నోటీసు, మిగతావాటికి 15 రోజుల నోటీసు కావాలని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 చెబుతుంది. యంత్రాలు బిగించినవారికి ఆ తేడా చాలా పెద్దది.

మా భాగస్వామ్య సంస్థకు డీడ్ ఉంది. రిజిస్టర్ చేయించలేదు. నష్టమా?

వ్యాపారం నడుస్తుంది, బాకీ వసూలుకు దావా మాత్రం నడవదు. 1932 చట్టం సెక్షన్ 69 ప్రకారం రిజిస్టర్ కాని సంస్థ కాంట్రాక్టు హక్కు మీద బయటివారిపై దావా వేయలేదు. వారు మాత్రం మీ మీద వేయగలరు.

లాయర్ నోటీసు వచ్చింది. మొదట ఏమి చేయాలి?

కోపంతో ఫోన్ చేయకండి. ఆ మాటలు రికార్డు కావచ్చు. అందిన తేదీని కవరు మీద రాసి సంతకం పెట్టండి. సంబంధించిన బిల్లులు, వే బ్రిడ్జి చీటీలు, సందేశాలు తేదీల వరుసలో పెట్టి మీ న్యాయవాదికి ఇవ్వండి. 3 లక్షలు, అంతకుమించిన వాణిజ్య వివాదమైతే, అత్యవసర ఉత్తర్వు కోరని పక్షంలో దావాకు ముందు న్యాయసేవా సంస్థ ద్వారా మధ్యవర్తిత్వానికి వెళ్ళడం తప్పనిసరి. అక్కడికి పిలుపు వస్తే తప్పకుండా వెళ్ళండి, రాజీ కుదిరితే కోర్టు ఫీజు, ఏళ్ళ తరబడి తిరుగుడు తప్పుతాయి. నోటీసు అబద్ధాలతో నిండి ఉన్నా సరే, అందులోని గడువు లోపు జవాబు పంపి, స్పీడ్ పోస్టు రసీదును ఆ కవరుకే పిన్ను చేసి ఉంచండి.